గుఱిచూపు - పరిసరదృష్టి
(విరాటపర్వమున ధ్వజపరిచయ ఘట్టము: ఒక పరిశీలనము)

భారతమునందలి విద్యాకథలలో ద్రోణుని పక్షిపరీక్షకు కలిగినంత ప్రచారము మఱియొక దానికి కలుగలేదు. చెట్టుకొమ్మపై కృత్రిమపక్షి నొకదానిని నిలిపి, విల్లెక్కుపెట్టిన శిష్యుల నొక్కొక్కరినే ఆచార్యుడు ఏమి కనబడుచున్నదని ప్రశ్నించెను. ధర్మరాజు తనకు చెట్టును, పక్షియు, తమ్ములును, గురువును కనబడుచున్నారనెను; అతడు తొలగింపబడెను. అర్జునుడు తనకు పక్షిశిరస్సు తప్ప మఱేమియు కనబడుట లేదనెను. బాణము విడుచుటకు అతనికే అనుజ్ఞ లభించెను. కిటికీవైపు చూచు బాలునకు ఉపాధ్యాయుడు నేటికిని చెప్పు కథ ఇదియే. పరిసరములను చూచుట చదువునకు విఘ్నమనునదే ఈ కథనుండి మనము గ్రహించిన నీతి.

ఈ నీతి అసత్యము కాదు; కాని అసమగ్రము. దానిని భారతమే పూరించుచున్నదనియు, ఆ పూరణము తిక్కన విరాటపర్వమున మిక్కిలి స్ఫుటముగా నున్నదనియు చూపుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. నాడు పక్షిశిరస్సును మాత్రమే చూచిన శిష్యుడు తాను గురుస్థానమున నిలిచిననాడు ఏమి బోధించెను? ఈ ప్రశ్నను మన విమర్శకులు తగినంతగా పట్టించుకొనినట్లు లేదు. ఒకచోట నేర్చినది మఱియొకచోట, మఱియొక రూపమున పనికివచ్చుటను ఇందు 'సంక్రమణ'మని వ్యవహరింతును. విద్యకు ఫలము సంక్రమణమే. పరిసరదృష్టికిని ఈ సంక్రమణమునకును గల సంబంధమే ప్రస్తుత విచారణకు వస్తువు.

విరాటపర్వమును సంక్రమణపర్వమనవచ్చును. పాండవులు తమ విద్యలను వేషము మార్చి పరనగరమునకు కొనిపోయిన కథ అది. తనకు సర్వనాశనము తెచ్చిన జూదమునందే బృహదశ్వునివలన అక్షహృదయమును పొందిన ధర్మరాజు, ఆ నేర్పుతోనే కంకుడై రాజసభకు చేరెను. చిత్రసేనునికడ ఇంద్రలోకమున నేర్చిన నృత్యగీతములు అర్జునునకు విరాటుని అంతఃపురమున బ్రతుకుతెరువైనవి. భీముని భోజనప్రియత్వము పాకశాలకును, నకులుని అశ్వజ్ఞానము గుఱ్ఱపుసాలకును, సహదేవుని పశుజ్ఞానము ఆలమందలకును తరలినవి. వారెవ్వరును అక్కడ క్రొత్తవిద్యను నేర్వలేదు. నేర్చినదానికి క్రొత్తచోటును చూపిరి.

ఆ చోటును చూచుట యెట్లో వారికి ధౌమ్యుడు చెప్పెను. రాజసేవకుని నడవడిని గూర్చి అతడు చేసిన ఉపదేశము తెలుగునాట నీతిపాఠముగా ప్రసిద్ధము. ఎక్కడ కూర్చుండవలెను, ఎప్పుడు పలుకవలెను, విన్నదానిలో దేనిని దాచవలెను, వేషమున రాజుతో పోటీపడకుండుట యెట్లు, అంతఃపురముతో చనువు వలదనుట ఏల అనునవి ఆ ఉపదేశమునందలి విషయములు. వీనిలో ఒక్కటియు ఆయుధవిద్య కాదు, శాస్త్రము కాదు. తానున్న తావును గమనించుటయే ఆ విద్య. నెల్లూరి ప్రభువైన మనుమసిద్ధి కొలువున మంత్రిగా నుండిన తిక్కనకు కొలువుకూటపు మర్యాదలు పుస్తకమున చదివిన విషయములు కావు. ఆ పద్యములలోని అనుభవపుబరువు చదువరికి తెలియుచునే యుండును. ద్రోణుడు పరిసరమును మఱువుమనెను. ధౌమ్యుడు దానినే కనిపెట్టి బ్రదుకుమనెను. ఒకటి బాణము విడుచు క్షణమునకు చెప్పిన మాట. రెండవది సంవత్సరమంతయు పరులయింట నిలిచియుండుటకు చెప్పిన మాట.

ఇక ఉత్తరుని చూడుడు. సంక్రమణము పొందని విద్యకు అతనికంటె మంచి ఉదాహరణము లేదు. అంతఃపురస్త్రీల నడుమ అతడు వీరుడే. సారథి దొరకకపోవుట యొక్కటే తనకు లోపమన్నట్లు పలికెను. ఆ మాటలన్నియు బూటకములని త్రోసివేయుట సులభము, నవ్వుకొనుటయు సులభము. కాని రాజకుమారుడు విలువిద్య నేర్వలేదని తిక్కన చెప్పలేదు. నేర్చినది నేర్చినచోటనే నిలిచిపోయినది. కౌరవసేన కంటబడగానే అతనికి కనబడినది వీరులు కారు. ఎల్లలు లేని ఒక్కముద్ద. దానిని ముక్కలుగా విడదీసి చూచు ఎఱుక అతనికి లేదు. అందుచేతనే రథము దిగి పరుగెత్తెను.

బృహన్నల అతనిని పట్టితెచ్చి, జమ్మిచెట్టునుండి ఆయుధములు దింపించి, తన్నెఱిగించి, సారథిని చేసికొనెను. రథము మరల సేనకెదురుగా సాగునప్పుడు వచ్చునదే ధ్వజపరిచయ పద్యము. తెలుగు పాఠకులలో దానిని విననివారు అరుదు. పాఠ్యపుస్తకముల మూలమునను, పద్యపఠన సంప్రదాయము మూలమునను అది జననోటికెక్కినది. సీసపాదములు నాల్గింట ద్రోణుడు, అశ్వత్థామ, కృపుడు, కర్ణుడును, ఎత్తుగీతియందు దుర్యోధనుడు, భీష్ముడును వచ్చుదురు. బంగారువేదిక ద్రోణునకును, సింహపుతోక అశ్వత్థామకును, పసిడియెద్దు కృపునకును, శంఖము కర్ణునకును, మణిమయసర్పము దుర్యోధనునకును, మిన్నునంటిన తాటిచెట్టు భీష్మునకును ధ్వజచిహ్నములు.

ఈ పద్యమును సమాసగాంభీర్యమునకు మెచ్చుకొనుట పరిపాటి. ఆ మెప్పు యుక్తమే. కాని కవి అమర్చిన క్రమమును గమనింపవలసియున్నది. ప్రతివీరునివిషయమునను మొదట వచ్చునది గుర్తు. తరువాత వచ్చునది పేరు. ఉత్తరుడు పేర్లను పూర్వమే వినియుండును. కాని ఏ పేరు ఎవనిదో అతనికి తెలియదు. కనుక అర్జునుడు పేరునుండి మనిషికి పోక, కంటికి కనబడుదాని నుండి పేరునకు వచ్చుచున్నాడు. రెండవ విశేషము, ఆ వర్ణనలన్నియు కాంతికిని, కదలికకును, ఎత్తునకును సంబంధించినవి. దూరమునుండి, ధూళినడుమ, పరుగిడు రథముమీద నుండువానికి కనబడునవి అవియే. వీరుల పరాక్రమమును గాని, వంశమును గాని, అస్త్రసంపదను గాని ఆ పద్యము వర్ణింపలేదు. అవి ఆ క్షణమున సారథికి అక్కఱలేదు. మూడవది, పద్యము స్తుతితో ముగియక, వీరిని వేఱువేఱుగ గుర్తుపట్టి చూచుకొనుమను ఆజ్ఞతో ముగియుచున్నది. ఇది వర్ణనము కాదు, పాఠము. పాఠాంతమున గురువు శిష్యునకిచ్చిన పని, చూచుట.

ఆ పద్యమునకు ముందు సేన ఒక్కటి. తరువాత అది ఆర్గురు మనుష్యులు. భయము తగ్గుటకు ధైర్యవచనములకంటె ఈ విభజనమే యెక్కువ తోడ్పడినది. పక్షిశిరస్సును మాత్రమే చూచిన అర్జునుడు తన శిష్యునకు చెట్టును, కొమ్మను, ఆకాశమును చూపుచున్నాడు. తాను నేర్చిన తీరును అతడు బోధింపలేదు. తన శిష్యుడున్నచోట ఏమి కావలెనో దానిని బోధించెను. గురువుగా ద్రోణునకును అర్జునునకును గల భేదమిది. ధర్మరాజు ఆనాడిచ్చిన ఉత్తరము విలుకానికి తగనిది కావచ్చును. సారథికి మాత్రము అదియే సరియైన ఉత్తరము.

ఈ పాఠము ఉత్తరునియందు ఎంతవఱకు నిలిచినది? గోగ్రహణమున అర్జునుడు ప్రక్కనుండగా నిలిచినది. అటుపై కురుక్షేత్రమున తొలినాటి యుద్ధముననే ఉత్తరుడు శల్యునిచేత కూలెను. ఒక్కనాటి శిక్షణము వీరుని చేయజాలదని ఇందువలన చెప్పవచ్చును. అయినను నాడు అతడు పరుగెత్తలేదు. ఏనుగునెక్కి శల్యుని కెదురుగా పోయెను. దూరమునుండి సేనను చూచియే రథము దిగినవానికి ఇది చిన్నమార్పు కాదు. నేర్పు చాలలేదు, నిలుకడ మాత్రము ఒక రణభూమినుండి మఱియొక రణభూమికి సంక్రమించినది. పరిసరదృష్టి అన్నిటిని ఈయజాలదనియు, ఇచ్చినది మాత్రము వృథపోదనియు భారతకథయే చెప్పుచున్నది.

ఇట్టి పద్యమును మనమెట్లు బోధించుచున్నాము? కొంతకాలము క్రిందట నెల్లూరి తీరమున ఒక గ్రామపాఠశాలలో ఈ పద్యమును బాలురు చదువగా వింటిని. యతిస్థానమున ఊనిక, సమాసాంతమున విరామము, అన్నియు చక్కగా నున్నవి. భీష్ముని జెండాపై నేమున్నదని యడిగితిని. తాళతరువని అందఱును చెప్పిరి. తాళతరువనగా నేమని యడుగగా ఒక్కరును పలుకలేదు. తెఱచిన కిటికీకి ఆవల ఇసుకదిబ్బలపై తాటిచెట్లు వరుసగా నున్నవి. అవియే తాళతరువులని చెప్పితిని. వెనుకవరుసలో జాలరికుటుంబపు బాలుడొకడు లేచి, "మా నాయన వేటకిపొయ్యి వచ్చేటప్పుడు ఆ చెట్లు చూసే మన ఊరని గుర్తుపడతాడు సార్" అనెను. ఆ ఒక్కమాటతో పద్యమంతయు విచ్చుకొనినది. జెండాపై తాటిచెట్టే ఏల, అంత ఎత్తేల అని నేను వారికి చెప్పవలసిన అవసరము లేకపోయినది. దూరమునుండి కనబడుటకని వారే చెప్పిరి. మిగిలిన ఐదు గుర్తులను వారు తమంత తామే విడదీసికొనిరి. కిటికీవైపు చూడవద్దనియుండినచో ఆ పద్యము వారికి ఎన్నటికిని తెలియకుండెడిది.

ఇది ఈనాటి దోషము కాదు. పూర్వము నెల్లూరుజిల్లాలో చేరియుండిన ఒంగోలున 1784లో జన్మించిన వెన్నెలకంటి సుబ్బారావు, మద్రాసు స్కూలుబుక్కు సొసైటీకి 1820లో సమర్పించిన నివేదికలో, నాటి వీధిబడులలో బాలురు కావ్యములను అర్థమెఱుగక వల్లెవేయుటను ఎత్తిచూపెను. రెండునూఱుల యేండ్లు గడచినను ఆ మాట పాతబడలేదు. ధారణ తప్పని నా వాదము కాదు. ఆ బాలురకు పద్యము కంఠస్థమై యుండుటచేతనే తాటిచెట్టు కనబడిన క్షణమున అర్థము చేరుటకు చోటు దొరకినది. ధారణ పాత్ర, పరిసరము పదార్థము. పదార్థము లేని పాత్రను చూచి తృప్తిపడుటయే దోషము.

ఇచట నొక ఆక్షేపణము రావచ్చును. పరిసరముతో ముడిపడిన చదువు ఆ పరిసరముననే చిక్కుకొనదా? ఈ ఆక్షేపణము బలమైనది. మనస్తత్త్వశాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించియున్నారు. గాడెన్, బాడ్లీ అనువారు 1975లో ప్రకటించిన పరిశోధనమున, సముద్రగర్భమున మాటల పట్టికలను నేర్చిన ఈతగాండ్రు ఒడ్డునకంటె నీటిలోనే వానిని బాగుగ జ్ఞప్తికి తెచ్చుకొనిరి. ఒడ్డున నేర్చినవారికి ఒడ్డే అనుకూలించినది. 2021లో ఈ ప్రయోగమును మరల చేసినవారికి అదే ఫలితము రాలేదు గనుక దానిని సిద్ధాంతముగా గైకొనరాదు. బ్రెజిలు దేశమున రెసీఫె నగరపు వీధులలో సరకులమ్ము బాలురను గూర్చి 1985లో వెలువడిన పరిశీలనము మఱింత ఆలోచింపదగినది. బేరమునడుమ వారు చేసిన లెక్కలు నూటికి 98 వంతులు సరిపోయినవి. అవే లెక్కలను వట్టి అంకెలుగా కాగితముపై నిచ్చినప్పుడు 37 వంతులు మాత్రమే సరిపోయినవి. వీథిలోని విద్య బడిలోనికి రాలేదు. బడిలోని విద్య వీథిలోనికి పోలేదు. ఉత్తరుని కథ ఇదియే కదా!

అయితే ఆక్షేపణమునకు సమాధానమును ప్రయోగమే ఇచ్చినది. ఒకే పట్టికను రెండు వేఱువేఱు గదులలో చదివినవారు, ఒక్కగదిలోనే రెండుమార్లు చదివినవారికంటె, మూడవ క్రొత్తగదిలో ఎక్కువ మాటలు జ్ఞప్తికి తెచ్చుకొనిరని స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ అనువారు 1978లో ప్రకటించిరి. చిక్కు పరిసరమున లేదు. ఒక్కటే పరిసరమున నున్నది. రెండుచోట్ల చూచినవానికి మాఱునది ఏదో, మాఱనిది ఏదో తెలియును. మాఱనిదానిని పట్టుకొనుటయే సంక్రమణము. పాండవులు అడవిని, ఆశ్రమములను, రాజసభలను చూచినవారు గనుక విరాటనగరము వారికి మూడవగది యైనది. అంతఃపురము తప్ప మఱొకటి చూడని ఉత్తరునకు రణభూమి మొదటి క్రొత్తగది.

తిక్కన బ్రదికిన ఈ సీమలోనే ఇటీవలికాలమున ఈ సూత్రమునకు గొప్ప నిదర్శనము లభించినది. 1990, 91 సంవత్సరములలో నెల్లూరుజిల్లాలో సంపూర్ణాక్షరాస్యతోద్యమము సాగినది. రాత్రిబడులకు వచ్చినవారిలో స్త్రీలెక్కువ. వారి వాచకములలో సారా వలన చెడిన సంసారమును గూర్చిన 'సీతమ్మ కథ' యొక పాఠము. సాహిత్యదృష్టితో చూచిన అది మహారచన కాదు. కాని చదువరికి తెలిసిన యిల్లు అందున్నది, తెలిసిన దుఃఖమున్నది. అక్షరము కొఱకు పుస్తకముపై వంచిన తల అదే పాఠమున తన వాకిలివైపు తిరిగినది. జిల్లా మెట్టప్రాంతమునందలి దూబగుంట గ్రామస్త్రీలు తమ యూరి సారాయంగడిని మూయించిరి. ఆ వృత్తాంతము 'ఆడవాళ్ళు ఏకమైతే' అను పేర తరువాతి వాచకమున పాఠమైనది. అటుపై జరిగినదే సంక్రమణము. దూబగుంట నెన్నడు చూడని గ్రామములవారు ఆ పాఠమును చదివి తమ యంగళ్ళను మూయించిరి. 1992లో ఉద్యమము జిల్లాయంతట వ్యాపించినది. 1993 ఏప్రిలు 15న నెల్లూరుజిల్లాలోను, ఆ సంవత్సరమే అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలింపబడెను.

ఈ ఉద్యమము నంతటిని ఒక్క వాచకమే పుట్టించినదనుట అతిశయోక్తి. స్త్రీల చిరకాలానుభవము, కార్యకర్తల కృషి, రాత్రిబడి కల్పించిన కూడిక, ఇవియన్నియు అందు పాలుగొనినవి. అయినను విమర్శకుడు గమనింపవలసినది రెండు పాఠముల క్రమము. మొదటిపాఠము చదువరి పరిసరమును చూపినది. రెండవది మఱియొక యూరి పరిసరమును చూపినది. రెండింటి నడుమ మాఱనిదేదో చదువరులే పోల్చుకొనిరి. సాధువచనము ఒకటి వ్రాసి, సారా త్రాగరాదని వల్లెవేయించియుండినచో అది అక్షరాభ్యాసముగా మిగిలియుండెడిది. ధ్వజపరిచయ పద్యమున తిక్కన అనుసరించిన మార్గమే ఇది: ముందు కంటికి కనబడునది, తరువాత పేరు, చివర చదువరి చేయవలసిన పని.

కావున పక్షిపరీక్షను, ధ్వజపరిచయమును విడివిడిగ బోధించుట న్యాయము కాదు. గుఱి లేని పరిసరదృష్టి చెదరిపోవును. పరిసరదృష్టి లేని గుఱి ఆ యొక్కకొమ్మను, ఆ యొక్కపక్షిని దాటి పోలేదు. నేర్చినదానిని ప్రయోగించు క్షణమున ద్రోణుడు చెప్పినది నిజము. నేర్చుకాలమునను, నేర్చినదానిని క్రొత్తచోటికి కొనిపోవు కాలమునను ధౌమ్యార్జునులు చెప్పినది నిజము. మన తెలుగు బోధనమున మొదటిది మాత్రమే మిగిలినది. అందువలన పద్యము నోటికి వచ్చియు చెట్టు కంటికి రాని విద్యార్థులను తయారుచేసికొనుచున్నాము. వారు పరీక్షాశాలయను అంతఃపురమున ఉత్తరులే.

తిక్కన కావ్యమును నెల్లూరి బాలునకు బోధించుటకు నిఘంటువుకంటె ముందు కావలసినది తెఱచిన కిటికీ. పరిశోధకులమగు మనకును ఇందొక కర్తవ్యమున్నది. ప్రాచీనకావ్యములందలి చెట్లకు, పిట్టలకు, పనిముట్లకు, గాలులకు ఆయా సీమలలో నేడు ప్రజలు వాడుచున్న పేర్లను గ్రామగ్రామమునను సేకరించి, పద్యములకెదురుగా నిలుపవలసియున్నది. ఆ పనికి తిక్కన విరాటపర్వముకంటె తగిన ప్రారంభము లేదు. ఆయన తన భారతమును అచటనే గదా ప్రారంభించెను.